ఒక్క పువ్వు చెట్టుమీదే వదలండి: పూజపూల గింజలు దాచుకోవడం, పంచుకోవడం



పోయిన వీడియోలో ఏ దేవుడికి ఏ పూలు ఇష్టమో చెప్పుకున్నాం. ఈ వారం పాఠం దానికి ఒక మెట్టు కింద ఉంటుంది. అసలు ఆ పువ్వు ఎక్కడి నుంచి వస్తోంది? సిటీలో ఉండే మనలాంటి వాళ్ళు చాలామంది చెప్పే జవాబు ఒకటే: రాత్రి యాప్‌లో ఆర్డర్ పెడితే పొద్దున్నే గుమ్మానికి కవర్ తగిలించి పోతారు. నేను బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేస్తాను, పండగ రోజుల్లో నాకూ అదే దిక్కు. కానీ మాది కడప జిల్లా బద్వేలు. అక్కడ మా వీధిలో పూలు కొనడం అంటే ముహూర్తాలకీ జాతరలకీ మాత్రమే. రోజువారీ పూజకు ఇంటి ముందరి చెట్టే ఆధారం. ఆ చెట్టుకు ఆధారం ఏంటంటే, వంటింటి అరలో ఓ సీసా, అందులో నాలుగు కాగితం పొట్లాలు.

ఆ పొట్లాల గురించే ఈ పాఠం. గింజ ఎలా తీయాలి, ఎలా దాచాలి, ఎందుకు పంచాలి అన్నవి వరుసగా చూద్దాం.

1. పూజలో గింజకున్న చోటు

భగవద్గీత తొమ్మిదో అధ్యాయం 26వ శ్లోకం మనందరికీ తెలిసిందే. భక్తితో ఇస్తే ఆకైనా, పువ్వైనా, పండైనా, నీళ్ళైనా స్వీకరిస్తానని స్వామి చెప్పిన మాట అది. అదే గీతలో పదో అధ్యాయం 39వ శ్లోకం కూడా ఒకసారి తీసి చదవండి. సమస్త భూతాలకూ బీజం తానేనని అక్కడ చెబుతాడు. అంటే పువ్వు మనం ఆయనకిచ్చేది, గింజ ఆయన మనకిచ్చింది. ఇచ్చినదాన్ని జాగ్రత్త చేయడం కూడా సేవే.

మన ఆలయాల్లో ఉత్సవం గింజతోనే మొదలవుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ముందురోజు సాయంత్రం అంకురార్పణ చేస్తారు. విష్వక్సేనుల వారు ఊరేగింపుగా వెళ్ళి మన్ను సేకరించి తెస్తారు. ఆ మన్ను పాలికల్లో నింపి నవధాన్యాలు విత్తుతారు. ఓషధులకు అధిపతి చంద్రుడు కాబట్టి ఈ కార్యక్రమం రాత్రిపూట చేస్తారు. పెళ్ళిళ్ళలో పాలికల తంతు కూడా ఇదే సంప్రదాయం.

తిరుమలలోనే ఇంకో ఉదాహరణ అనంతాళ్వారు. రామానుజుల మాట మీద కొండకు వచ్చి, స్వామికి పూలతోట వేసి, అందుకోసం చెరువు తవ్విన భక్తుడాయన. పూలు తెచ్చి ఇవ్వడంతో సరిపెట్టుకోలేదు, పూలు పూసే ఏర్పాటు చేశాడు. ఈ రెండింటి మధ్య తేడా మనకు ముఖ్యం.

మా వైపు నుంచి కూడా ఒకటి చెబుతాను. బద్వేలుకు ఉత్తరాన పోరుమామిళ్ళ చెరువు ఉంది. విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు కట్టించిన ఆ చెరువు మీద క్రీ.శ. 1369 నాటి శాసనం ఉంది. రెండేళ్ళ పాటు వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు పని చేశాయని అందులో రాశారు. అలాంటి చెరువులు తవ్వించిన కాలపు పెద్దలు సప్తసంతానాలు అని ఏడు చెప్పేవారు: కొడుకు, నిధి, అగ్రహారం, గుడి, చెరువు, వనం, కావ్యం. మనిషి పోయాక కూడా నిలిచేవి ఇవి అని అర్థం. వనం ఆ జాబితాలో కొడుకుతో సమానంగా ఉంది చూడండి. చెరువు తవ్వించడం మనవల్ల అయ్యేది కాదు. గింజలు నలుగురికి పంచి నాలుగు ఇళ్ళ ముందు తోట నిలబెట్టడం మాత్రం బాల్కనీలో రెండు కుండీలున్న వాళ్ళకు కూడా సాధ్యమే.

2. పువ్వు కోస్తే గింజ రాదు

వినడానికి ఇంత మామూలు సంగతా అనిపిస్తుంది. కానీ పూజ చేసే ఇళ్ళలో గింజలు మిగలకపోవడానికి అసలు కారణం ఇదే. పూసిన పువ్వు పూసినట్టు కోసేస్తాం. గింజ పట్టాలంటే పువ్వు చెట్టుమీదే వాడి, ఎండి, పూర్తిగా ముదరాలి. బంతికైతే పువ్వు విచ్చుకున్నాక ఇంకో నెల పైనే ఆగాల్సి వస్తుంది.

ఇక్కడ ఇంకో చిక్కుంది. గింజ పట్టడం మొదలైతే మొక్క కొత్త మొగ్గలు వేయడం తగ్గిస్తుంది. అందుకే పూలు తెగకుండా కోసేకొద్దీ ఎక్కువ పూస్తాయి. కాబట్టి అన్ని మొక్కల్నీ గింజకు వదలక్కర్లేదు. ఒకటో రెండో చాలు.

ఏవి వదలాలి? చివర్లో మిగిలిపోయిన వంకర పువ్వును గింజకు వదలడం చాలా ఇళ్ళలో అలవాటు. మీరు దాన్ని తిరగేయండి. సీజన్ మధ్యలో, అన్నిటికన్నా ఆరోగ్యంగా ఉన్న మొక్క మీద, మీకు బాగా నచ్చిన పువ్వుకు ఎర్ర దారం కట్టి వదిలేయండి. ఇంట్లో ఎవరూ కోయకుండా ఆ దారమే గుర్తు. దేవుడికి మంచి పువ్వు పెట్టాలి కదా అని మనసు పీకుతుంది. ఆ పువ్వు కూడా దేవుడిదే. కాకపోతే వచ్చే ఏడాది దసరాకు వెళ్తుంది.

మరి దండలో వాడిపోయిన బంతిపూలు విత్తితే? నిర్మాల్యం కుండీలో వేస్తే అప్పుడప్పుడు మొలకలు వస్తాయి, మీలో కొందరు చూసే ఉంటారు. పువ్వు బాగా ముదిరాక కోసి ఉంటే కొన్ని గింజలు పనికొస్తాయి. కానీ దండకు లేత పూలే కోస్తారు కాబట్టి ఎక్కువ భాగం తాలు గింజలే ఉంటాయి. దాని మీద ఆధారపడలేం.

3. ఏ పువ్వు గింజ ఎలా తీయాలి

బంతి: పువ్వు గోధుమరంగులోకి వచ్చి, కింద తొడిమ కూడా ఎండాక కోసి విప్పండి. సన్నటి పుల్లల్లాంటి గింజలు ఉంటాయి. ఒక కొస నల్లగా గట్టిగా ఉంటే మంచి గింజ. మొత్తం తెల్లగా, వేలితో నొక్కితే మెత్తగా ఉంటే తాలు. రేకబంతి గింజ బాగా పడుతుంది, నిండు ముద్దబంతి తక్కువ పడుతుంది.

శంఖపుష్పం: మా వైపు పెద్దవాళ్ళు దింటెన అంటారు. చిక్కుడులాంటి సన్నటి కాయ ఎండి, ఊపితే లోపల గలగలమంటే కోయొచ్చు. గింజ తొక్క గట్టిది. విత్తే ముందు ఒక రాత్రి గోరువెచ్చని నీళ్ళలో నానబెట్టండి.

చంద్రకాంత: సాయంత్రం విచ్చుకునే పువ్వు. పువ్వుకు ఒక్క గింజే, అచ్చం మిరియంలా ఉంటుంది. అందుకే వంటింట్లో పెట్టకండి. ఇది తినేది కాదు, విషగుణం ఉంది.

కోడిజుట్టు పువ్వు (కొన్ని ఊళ్ళలో సీతమ్మ జడకుచ్చు): తల కిందికి వంచి కాగితం మీద తడితే ఆవాలకన్నా చిన్న నల్లటి మెరిసే గింజలు రాలతాయి.

తులసి: ఎండిన వెన్ను అరచేతిలో నలపండి. ఒక్కో చిన్న గిన్నెలాంటి పూతలో నాలుగు దాకా గింజలుంటాయి.

బిళ్ళగన్నేరు: జంటకాయలు పచ్చరంగు తగ్గి పసుపుకు తిరగ్గానే తీయాలి. ఆలస్యం చేస్తే పగిలి రాలిపోతాయి. మడగాస్కర్ నుంచి వచ్చి మన సమాధుల దగ్గరా, గుళ్ళ దగ్గరా స్థిరపడిన మొక్క ఇది. క్యాన్సర్‌కు వాడే విన్‌క్రిస్టిన్ మందు దీని నుంచే తీశారు.

కనకాంబరం: ఇది మన దక్షిణాది మొక్కే. ఎండిన కంకికి నీటి చుక్క తగిలితే కాయలు టప్పున పేలి గింజలు దూరంగా ఎగురుతాయి. వాన పడితే గింజ మొలవడానికి మొక్క చేసుకున్న ఏర్పాటు అది. ఎండిన కంకుల్ని మూత ఉన్న గిన్నెలో వేసి నాలుగు చుక్కలు చల్లి మూతపెట్టండి, కాసేపు పేలాల చప్పుడు వినిపిస్తుంది. తర్వాత గింజల్ని ఆరబెట్టాలి. ఒక్కమాట, ఢిల్లీ కనకాంబరం అనే రకానికి గింజ పట్టదు. అది ట్రిప్లాయిడ్, కొమ్మలతోనే పెంచాలి.

కాయ పగిలి గింజ రాలిపోయే మొక్కలకు నేను వాడే చిట్కా ఒకటుంది. ఫంక్షన్లలో రిటర్న్ గిఫ్ట్ పెట్టి ఇస్తారే, ఆ పల్చటి నెట్ సంచులు. కాయకు తొడిగి దారం లాగేస్తే చాలు, గాలీ వెలుతురూ ఆడతాయి, గింజ సంచిలోనే పడుతుంది.

మందారం, నందివర్ధనం, మల్లె లాంటివి కొమ్మలతోనో అంటులతోనో పెంచుతారు, చామంతి పిలకలతో. వీటి కోసం గింజలు వెతకొద్దు. కొమ్మ అడిగి తెచ్చుకోండి.

4. హైబ్రిడ్ సంగతి

షాపులో కొన్న బంతి ప్యాకెట్ మీద ఎఫ్1 అని ఉంటే, ఆ మొక్క గింజ విత్తినా మొలుస్తుంది. కానీ తల్లిలాగా ఉంటుందని నమ్మకం లేదు. రెండు వేర్వేరు వంశాల్ని కలిపితే మొదటి తరం అన్నీ ఒకేలా వస్తాయి, రెండో తరంలో లక్షణాలు విడిపోతాయి. ఇంటర్‌లో చదివిన మెండెల్ పాఠమే ఇది. ఒకటి పొట్టి, ఒకటి పొడుగు, ఒకటి ముద్ద, ఒకటి రేక. కుండీలో సరదాకి బాగుంటుంది కానీ, పంచుకునేటప్పుడు "ఇది హైబ్రిడ్ నుంచి తీసింది" అని చెప్పి ఇవ్వండి.

ఏటా గింజ తీసుకోవాలంటే నాటురకాలు గానీ, పూసా నారంగి గేందా, పూసా బసంతి గేందా లాంటి సాధారణ రకాలు గానీ వేసుకోవాలి. ఈ రెండూ ఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధనా సంస్థ ఇచ్చిన బంతి రకాలు, మొదటిది నారింజ, రెండోది పసుపు. బంతిలో పరపరాగ సంపర్కం ఎక్కువ. పక్కింటి బంతితో తేనెటీగలు కలిపేస్తాయి. రంగు స్వచ్ఛంగా కావాలంటే మొగ్గ దశలోనే నెట్ సంచి తొడిగి, అదే రంగున్న వేరే మొక్క పుప్పొడిని బ్రష్‌తో మీరే అద్దాలి. ఇంకో సంగతి, ఏళ్ళ తరబడి ఒకే మొక్క గింజ తీస్తూ పోతే సత్తువ తగ్గుతుంది. వీలైనన్ని మొక్కల నుంచి కొద్దికొద్దిగా కలపండి. రెండు కుండీలున్న వాళ్ళకు అది కుదరదు కాబట్టే ఇరుగుపొరుగుతో మార్చుకోవడం అవసరం.

5. ఎండబెట్టడం, దాచడం

గింజకు ఇద్దరు శత్రువులు, తేమ ఒకటి, వేడి ఒకటి. హారింగ్టన్ అనే విత్తన శాస్త్రవేత్త చెప్పిన సూత్రం గుర్తుపెట్టుకోవడానికి సులువు. గింజలో తేమ 1 శాతం తగ్గిన ప్రతిసారీ దాని ఆయుష్షు రెట్టింపు. దాచిన చోట వేడి 5 డిగ్రీలు తగ్గిన ప్రతిసారీ మళ్ళీ రెట్టింపు. ఇది ఉజ్జాయింపు లెక్కే, అన్ని గింజలకూ అచ్చంగా సరిపోదు. అయినా 40 డిగ్రీల అటక మీద నుంచి 10 డిగ్రీల ఫ్రిజ్‌లోకి మారిస్తే ఆరు రెట్టింపులు, అంటే కాగితం మీద 64 రెట్లు. ఒక డబ్బా చోటు మార్చినందుకు ఇంత లాభం.

బద్వేలులో గాలి పొడిగా ఉంటుంది కాబట్టి ఆరబెట్టడం తేలిక. అలాగని ఏప్రిల్ మిద్దె మీద నేరుగా ఎండలో పరిస్తే గింజ లోపల ప్రాణం మాడిపోతుంది. నీడలో, గాలి తగిలే చోట, కాగితం మీద వారం పది రోజులు ఆరనివ్వండి. హైదరాబాద్, విజయవాడ, చెన్నై వాళ్ళు వానాకాలంలో ఇంకొన్ని రోజులు ఎక్కువ ఉంచండి. తర్వాత కాగితం పొట్లం కట్టి, గాజుసీసాలో వేసి, అడుగున మందుల డబ్బాల్లో వచ్చే సిలికా జెల్ పొట్లం గానీ, దోరగా వేయించి చల్లార్చిన బియ్యం గానీ పెట్టి మూత బిగించండి. పాతకాలం వాళ్ళు పిడకల బూడిద కలిపి దాచేవారు. బూడిద తేమ పీలుస్తుంది, పురుగును కూడా ఆపుతుంది.

పొట్లం మీద ఏం రాయాలి? పూజలో సంకల్పం చెప్పుకుంటాం కదా, ఏ ప్రదేశంలో ఉన్నాం, ఏ కాలం, ఏ గోత్రం, ఏ పేరు అని. గింజకూ అదే సంకల్పం రాయండి. ప్రదేశం: ఏ ఊళ్ళో పండింది. కాలం: ఏ నెల, ఏ సంవత్సరం. గోత్రం: ఎవరింటి నుంచి వచ్చింది. పేరు: ఏ పువ్వు, ఏ రంగు. మా ఆఫీసు భాషలో దీన్ని మెటాడేటా అంటారు. అది లేని గింజ మొలిచినా, ఏం మొలిచిందో పువ్వు పూసేదాకా తెలియదు.

విత్తే ముందు పరీక్ష కూడా ఉంది. పది గింజలు తడిగుడ్డలో చుట్టి ఓ డబ్బాలో ఉంచండి. వారం పది రోజుల్లో ఏడు మొలిస్తే 70 శాతం అన్నమాట. మూడే మొలిస్తే ఆ పొట్లం ముసలిదైంది, ఈ ఏడే మొత్తం విత్తేసి కొత్త గింజ తీసుకోండి.

6. దాచింది పోయింది, ఇచ్చింది మిగిలింది

మా జేజి దగ్గర తెల్ల దింటెన తీగ ఉండేది. గేటు మీదుగా పాకి ఉండేది. కార్తీక సోమవారాలకు శివుడికి అవే పూలు. ఇంటికి ఎవరొచ్చినా తాంబూలంలో వక్కతో పాటు నాలుగు గింజలు పొట్లం కట్టి పెట్టేది. వద్దన్నా ఊరుకునేది కాదు. ఆమె పోయిన ఏడాది ఇల్లు కొన్ని నెలలు తాళం వేసి ఉంది. ఆ ఎండాకాలం మా వీధి బోర్లు కూడా అడుగంటాయి. తీగ ఎండిపోయింది. అరలో సీసా దొరికింది కానీ, అందులో గింజలు ఎన్నేళ్ళవో ఏమో, తడిగుడ్డలో పదీ వేస్తే ఒక్కటీ మొలవలేదు.

ఆ తర్వాత పోరుమామిళ్ళలో బంధువుల ఇంటికి వెళ్తే, వాళ్ళ ప్రహరీ మీద నిండా తెల్ల దింటెన. ఎక్కడిదని అడిగితే ఆ ఇంటి అవ్వ నవ్వి, "మీ జేజి ఇచ్చినవే గదా నాయనా, మా గృహప్రవేశానికి. పట్టుకపో" అని కొంగులో కాయలు కోసి పోసింది. ఇప్పుడు మా గేటు మీద ఉన్న తీగ ఆ కాయలదే.

మా ఉద్యోగాల్లో బ్యాకప్‌కు 3-2-1 అనే నియమం ఉంది. మూడు కాపీలు, రెండు రకాల చోట్లలో, అందులో ఒకటి వేరే ఊళ్ళో. జేజికి ఆ నియమం తెలియదు, కానీ పాటించింది.

ప్రపంచం కూడా ఇదే చేస్తోంది. నార్వేకు చెందిన స్వాల్‌బార్డ్ దీవుల్లో, మంచుకొండ లోపల 2008లో ఒక విత్తన భాండాగారం తెరిచారు. మన పటాన్‌చెరులోని ఇక్రిశాట్ కూడా తన విత్తనాల నకళ్ళు అక్కడ దాచింది. సిరియాలో యుద్ధం వచ్చి అలెప్పో దగ్గరున్న ఇకార్డా సంస్థ విత్తన నిలువ అందకుండా పోయినప్పుడు, 2015లో ఆ సంస్థ స్వాల్‌బార్డ్‌లో దాచిన తన గింజల్నే వెనక్కి తెచ్చుకుంది. లెబనాన్, మొరాకోల్లో వాటిని మళ్ళీ పండించి, కొత్త గింజల్ని తిరిగి అక్కడ జమ చేసింది.

మన దగ్గరే జహీరాబాద్ ప్రాంతంలో డెక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మహిళా సంఘాలు ఊరూరా చిరుధాన్యాల విత్తన బ్యాంకులు నడుపుతున్నాయి. విత్తనం తీసుకున్నవాళ్ళు పంట వచ్చాక తీసుకున్నదానికన్నా ఎక్కువ కొలిచి తిరిగి ఇస్తారు. ఆ సంస్థకు 2019లో ఐక్యరాజ్యసమితి అభివృద్ధి కార్యక్రమం వారి ఈక్వేటర్ ప్రైజ్ వచ్చింది. పూల గింజలకూ ఈ పద్ధతే పెట్టుకుందాం. తీసుకుంటే రెట్టింపు తిరిగివ్వాలి. ఇచ్చిన ఇంటికే ఇవ్వక్కర్లేదు, మూడో ఇంటికి ఇచ్చినా బాకీ తీరినట్టే.

7. పంచుకునే పద్ధతి, కొన్ని జాగ్రత్తలు

గింజలు మార్చుకోవడానికి ప్రత్యేకంగా సభ పెట్టక్కర్లేదు. మన క్యాలెండర్‌లోనే చోటుంది. సంక్రాంతి గొబ్బెమ్మల నాటికి చలికాలపు బంతి ముదురుతూ ఉంటుంది, రథసప్తమి లోపు గింజ తీయొచ్చు. బంతి విత్తిన రెండు నెలలకు పూతకొస్తుంది. ఆషాఢం చివర, శ్రావణం మొదట్లో విత్తితే దసరాకు పూలు. అంటే వరలక్ష్మీ వ్రతం తాంబూలం గింజ చేతులు మారడానికి సరైన సమయం. అపార్ట్‌మెంట్‌లో పది ఇళ్ళవాళ్ళు తలా ఒక రకం బాధ్యత తీసుకుంటే, పది రకాలూ అందరికీ ఉంటాయి.

చట్టం గురించి కొందరికి సందేహం ఉండొచ్చు. 2001 నాటి మొక్కల రకాల పరిరక్షణ, రైతుల హక్కుల చట్టం 39వ సెక్షన్ ప్రకారం రైతు తన పంట విత్తనాన్ని దాచుకోవచ్చు, మళ్ళీ విత్తుకోవచ్చు, మార్చుకోవచ్చు, పంచుకోవచ్చు. రక్షణ పొందిన రకాన్ని బ్రాండ్ పేరు పెట్టి అమ్మడం మాత్రం కుదరదు.

విదేశాల్లో ఉన్న మనవాళ్ళకు ఒక మాట. ఇండియా నుంచి కవర్లో గింజలు పెట్టి పంపమని అడగకండి. మొక్కల తెగుళ్ళు దేశాలు దాటకుండా దాదాపు ప్రతి దేశానికీ క్వారంటైన్ నియమాలున్నాయి. మీ ఊళ్ళోని తెలుగువాళ్ళ మధ్యే మార్చుకోండి.

పిల్లలున్న ఇళ్ళకు ముఖ్యమైన జాగ్రత్త: పచ్చగన్నేరు, ఉమ్మెత్త, గురివింద గింజలు ప్రాణం తీసేంత విషం. శివపూజకు వాడతాం కదా అని తేలిగ్గా తీసుకోవద్దు. ఇస్తే పొట్లం మీద ఎర్ర ఇంకుతో "విషం" అని రాసి పెద్దవాళ్ళ చేతికే ఇవ్వండి.

ఇంకొకటి, గింజల కోసం అడవి మీద పడకండి. మా బద్వేలు పక్కనున్న లంకమల అడవి అభయారణ్యం. అంతరించిపోయిందనుకున్న కలివికోడి 1986లో మళ్ళీ కనిపించింది ఆ ప్రాంతంలోనే. అక్కడి గింజ అక్కడే రాలాలి.

ఈ వారం సాధన

ఒకటి: మీ ఇంట్లోనో, పక్కింట్లోనో ఉన్న ఒక మంచి పువ్వుకు ఎర్ర దారం కట్టండి. దారం కట్టేటప్పుడు అది ఎవరింటికి వెళ్ళాలో మనసులో అనుకోండి.

రెండు: ఇంట్లో పెద్దవాళ్ళకు ఫోన్ చేసి, చిన్నప్పుడు వాళ్ళ గుమ్మం ముందు ఏ పూలుండేవో అడగండి. పేర్లు రాసుకోండి. అందులో ఇప్పుడు ఎవరి దగ్గరా లేనిది ఏదో మీకే తెలుస్తుంది. వెతకడం దానితో మొదలుపెట్టండి.

మూడు: మూడు పొట్లాలు కట్టండి. ఒకటి విత్తడానికి, ఒకటి సీసాలో దాచడానికి, ఒకటి ఇవ్వడానికి. మూడోదాన్ని ఈ నెలలోనే ఇచ్చేయండి.

వచ్చే పాఠంలో మారేడు, తులసి, గరిక గురించి పత్రిపూజ చెప్పుకుందాం. అందరికీ శుభం.